ఒక నివాసి ఉన్నట్టు తీర్మానం

దీవిలో అందరూ ఆమెను కోరం పిన్ని అనేవారు. ఎదుటపడితే మాత్రం ఉత్త పిన్నే. ఆమె కన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలిచేవారు. ఎవరు మొదలుపెట్టారో గాని ఆ పిలుపు అలా అతుక్కుపోయింది.

ఆ కోరం అన్న మాట ఎలా వచ్చి చేరిందో చెప్పాలి. దీవి వ్యవహారాలు చూసే సభలో సభ్యులు ఏడుగురు. నెలకోసారి సమావేశం. కనీసం నలుగురు కూర్చుంటే గాని అది సమావేశం కాదు, అందులో చేసిన తీర్మానం తీర్మానమూ కాదు. ఏడుగురిలో ఒకాయన కాలం చేశాడు. ఆ ఖాళీకి ఎన్నిక పెట్టే తీరిక అవతలి ఒడ్డున ఉన్న పెద్ద ఆఫీసుకు దొరకలేదు. పాత హెడ్మాస్టరు మంచం పట్టాడు. కాంట్రాక్టరు పిల్లల చదువుల కోసం కాపురం అవతలి ఒడ్డుకు మార్చేసి, బుద్ధి పుట్టినప్పుడు కనిపించేవాడు. ఇక మిగిలింది నలుగురు. ఇనప సామాన్ల కొట్టు నడిపే అధ్యక్షుడు, రేవులో లాంచీ టికెట్లు ఇచ్చే పెద్దాయన, ఐసు ఫ్యాక్టరీ ఆయన, పిన్ని. మగవాళ్ళు ముగ్గురికీ రేవు దగ్గరే పని కాబట్టి వాళ్ళు ఎలాగూ వస్తారు. లెక్క నిండడానికి కావలసింది పిన్ని.

నిజానికి ఆ కుర్చీ ఆమె భర్తది. లాంచీ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు ఆయన. మంచి మాటకారి. సభలో ఆయన లేచి నిలబడితే అధ్యక్షుడు గడియారం చూసుకునేవాడట. ఒక మధ్యాహ్నం ఇంజను గదిలో బోల్టు బిగిస్తూ బిగిస్తూ అలాగే ఒరిగిపోయాడు. ఆ తరవాత ఉత్తర వీధి వాళ్ళంతా అరుగు మీద కూర్చుని, మన తరఫున ఎవరు వెళ్ళాలి అని మాట్లాడుకున్నారు. ఇంకెవరు, పిన్నే అన్నారు. ఆమె వద్దంది. నాకు నలుగురిలో నోరు పెగలదు అంది. మాట్లాడక్కర్లేదు పిన్నీ, వెళ్ళి కూర్చో చాలు అన్నారు వాళ్ళు. పోటీకి ఎవరూ నిలబడలేదు. ఆ తరవాత పడవలు కట్టే యార్డు మూతపడింది. ఆమెను పంపినవాళ్ళంతా ఒక్కొక్కరే తాళాలు వేసి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయారు. వీధి వెళ్ళిపోయినా వీధి ప్రతినిధి మాత్రం మిగిలింది.

పిన్ని పడవల మీద కప్పే పట్టాలు కుట్టేది. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన పాతకాలపు ఇనప మిషను ఉండేది. మిషను సూది దిగని మందపాటి అంచులకు దబ్బనం, మైనం రాసిన దారం. అరచేతికి తోలుముక్క కట్టుకుని దబ్బనాన్ని నెట్టేది. పని బాగా చేస్తుందని పేరు. పట్టా తెచ్చినవాళ్ళు గుమ్మంలో పడేసి, కొలతలు చెప్పి, లాంచీకి టైమైందంటూ వెళ్ళిపోయేవాళ్ళు. పిల్లలు లేరు. ఒక చెల్లెలు అవతలి ఒడ్డున పెద్ద సంసారంలో ఉంది.

సమావేశం ఉన్న రోజు పొద్దున్నే టికెట్ల పెద్దాయన ఫోను చేసేవాడు.

“పిన్నీ, వస్తున్నావు కదా?”

“వస్తున్నా అన్నయ్యా.”

“ఒంట్లో బాగుందా? పడిశం గిడిశం ఏం లేదు కదా?”

“లేదు.”

“మెట్లు చూసుకుని ఎక్కు. నాచు పట్టి ఉన్నాయి.”

నెల మొత్తంలో ఆమె ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగే రోజు అదొక్కటే. ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలుసు. తెలిసి కూడా, ఆ పొద్దున లేవగానే ఫోనులో చార్జింగు ఉందో లేదో చూసుకునేది. ఉతికి మడతపెట్టిన బట్టలు తీసి కట్టుకునేది. చేతివేళ్ళకు పట్టిన మైనం వేడినీళ్ళతో రుద్ది కడుక్కునేది.

సభ జరిగేది రేవు పక్కనున్న పాత గోదాము మేడ మీద. ఉప్పుగాలికి కిటికీ గొళ్ళేలు తుప్పు పట్టి, రెక్కలు సగం తెరుచుకుని అలాగే బిగుసుకుపోయాయి. పొడవాటి బల్ల, ఒక్కొక్కటి ఒక్కో రంగు ప్లాస్టిక్ కుర్చీలు, మూలన టీ ఫ్లాస్కు, గాజు గ్లాసులు. లాంచీ కూత వేస్తే మాట్లాడేవాళ్ళు సగంలో ఆపి, అది ఆగాక మిగతా సగం అందుకునేవారు. లాంచీ రేవుకు తగలగానే పెద్దాయన టికెట్లు చింపడానికి కిందికి పరిగెత్తేవాడు. అంతసేపూ సభ ముగ్గురితో నోరు మూసుకుని కూర్చునేది. ఆయన ఆయాసపడుతూ పైకి వచ్చి కూలబడగానే, “ఎక్కడున్నాం?” అనేవాడు అధ్యక్షుడు. “మేకల దగ్గర” అనేది కార్యదర్శి.

మేకలు ఆసుపత్రి వరండాలోకి వస్తున్నాయని ఫిర్యాదు. మంచినీళ్ళ ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయిందని ఫిర్యాదు. రేవు మెట్ల మీద నాచు గీకించాలని ఒకటి, పొద్దుటి లాంచీ కాస్త ముందు బయల్దేరాలని ఒకటి. ఈ ఆఖరిది ప్రతి నెలా వచ్చేది, ప్రతి నెలా వచ్చే నెలకు వాయిదా పడేది. కార్యదర్శి అవతలి ఒడ్డు నుంచి బదిలీ మీద వచ్చిన ముప్పై ఏళ్ళ అమ్మాయి. మధ్యలో ఊపిరి తీసుకుంటే ఎవరైనా దూరిపోతారేమో అన్నట్టు ఒక్క గుక్కలో అంశం మొత్తం చదివేది. “ఆమోదమేనా?” అనేవాడు అధ్యక్షుడు. నాలుగు చేతులు లేచేవి. మిగతా మూడూ లేవడం కంటికొసన కనిపించగానే పిన్ని చెయ్యి కూడా దానంతటదే లేచేది.

సమావేశం అయిపోగానే మగవాళ్ళు ఎవరి పనికి వాళ్ళు దిగిపోయేవారు. పిన్ని టీ గ్లాసులు కడిగేది. ఎవరూ చెప్పలేదు, ఆమే మొదలుపెట్టింది. కడిగి, బోర్లించి, బల్ల తుడిచి, “ఇంకేమైనా ఉందా అమ్మాయ్?” అని అడిగేది. “ఏం లేదండీ, తాళం వేసుకోవాలి” అనేది కార్యదర్శి. అప్పుడు దిగేది.

ఉత్తర వీధిలో ఇళ్ళన్నీ అటూ ఇటూ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ప్రతి తలుపుకూ తాళమే. అయినా పొద్దుగూకేసరికి వీధి దీపాలు వాటంతటవే వెలిగేవి. ఆ పసుపు వెలుతురు తలుపుల మీద, అరుగుల మీద పడితే, జనం ఇప్పుడే పనులు ముగించుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నట్టు ఉండేది. పిన్ని ఆ వేళకు మిషను ఆపి అరుగు మీద కూర్చునేది. ఎదురిల్లు బడిలో వంటచేసే ఆవిడది. దాని పక్కది కవలపిల్లల ఇల్లు. ఆ పైది రంగులు వేసే అతనిది, ఊరందరి ఇళ్ళకూ రంగులు వేసి తన ఇంటికి సున్నం కూడా కొట్టని మనిషి. ఒక్కోసారి ఆ తలుపుల వంక చూసి, “ఏమిటి, ఇవాళ ఇంత పెందలాడే పడుకున్నారు?” అనేది పైకే. అని, తన మాటకు తనే నవ్వుకునేది. ఆ మాత్రం కాలక్షేపంతో ఆమెకు రోజు గడిచేది.

అలా సాగుతుండగా, వానలు వెనకబట్టిన ఒక నెలలో సమావేశం జరిగింది. ఉక్కగా ఉంది. ఐసు ఫ్యాక్టరీ ఆయన మధ్యమధ్యలో కునుకు తీస్తున్నాడు. పిన్ని మనసు ఇంటి దగ్గర మిషను మీద వదిలి వచ్చిన పెద్ద పట్టా మీద ఉంది. దాని మూలలు రెండు పొరలు వెయ్యాలా, మూడా అని ఆలోచిస్తోంది. కార్యదర్శి ఎప్పటిలాగే గుక్క తిప్పుకోకుండా చదువుతోంది. కరెంటు పొదుపు గురించి పెద్ద ఆఫీసు ఆదేశమట. నివాసాలు లేని వీధుల్లో పద్దెనిమిదో స్తంభం మొదలు ఇరవై ఆరో స్తంభం దాకా దీపాల తొలగింపు.

“ఆమోదమేనా?”

చేతులు లేచాయి. పిన్ని చెయ్యీ లేచింది. ఆ తరవాత ట్యాంకు మూత సంగతి వచ్చింది.

వారం గడిచిందో లేదో, ఒక మధ్యాహ్నం లైన్‌మన్ నిచ్చెన భుజాన వేసుకుని ఉత్తర వీధిలోకి వచ్చాడు. పిన్ని కిటికీలోంచి చూసి, బల్బులు మారుస్తున్నాడు కాబోలు అనుకుంది. మంచినీళ్ళు తీసుకుని బయటికి వచ్చేసరికి నాలుగు దీపాలు కింద గోనెసంచిలో ఉన్నాయి.

“కొత్తవి వేస్తున్నావా నాయనా?”

“లేదు పిన్నీ, తీసేస్తున్నా. బడి రోడ్డులో వెయ్యమన్నారు.”

“ఎందుకు?”

“సభలో తీర్మానం అయిందంట కదా.” నీళ్ళు గడగడా తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు. “అందరూ ఒప్పుకున్నారంట. నువ్వు కూడా ఉన్నావంట కదా అందులో?”

పిన్ని స్తంభం వంక చూసింది. మనిషి ఎత్తున తెల్లరంగు మీద నల్లగా ఇరవై రెండు అని రాసి ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాన్ని చదవలేదు.

“అవును, ఉన్నాను” అంది.

ఆ సాయంత్రం వెలుతురు వాలిపోతుంటే అలవాటుగా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. ఏ దీపమూ వెలగలేదు. చూస్తూ చూస్తుండగానే ఇళ్ళు ఇళ్ళుగా ఉండడం మానేశాయి. ఎదురింటి తలుపు వాన నీళ్ళకు ఉబ్బి, కింద చెక్క ఊడి ఉంది. కవలల ఇంటి పైకప్పు ఒక పక్కకు దిగిపోయింది. ఇవన్నీ పగటిపూట రోజూ కనిపించేవే. కానీ పగలంతా ఆమె తల వంచుకుని పనిలో ఉండేది. తల ఎత్తే వేళకు పసుపు వెలుతురు వాటన్నిటినీ కప్పేసేది. పిన్ని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తాళాల మధ్య తనది కూడా ఇంకో మూసిన తలుపు అయిందని అనిపించి, మళ్ళీ లేచి తలుపు తీసి ఉంచింది.

రెండు మూడు రోజుల తరవాత పడవ యజమాని ఒకడు పట్టా కోసం చీకటిపడే వేళకు వచ్చాడు. వీధి మొదట్లో రాయి తగిలి తూలాడు కాబోలు, తిట్టుకున్నాడు. అక్కణ్ణుంచే, “ఎవరైనా ఉన్నారా ఇక్కడ?” అని కేక పెట్టాడు.

పిన్ని లోపల నుంచి విన్నది. పట్టా ఎత్తుకుని, తనే వీధి మొదటిదాకా నడిచి ఇచ్చి వచ్చింది.

చెల్లెలికి ఫోను చేసింది. చెల్లెలు మనవడి దగ్గు గురించి, కోడలి ఉద్యోగం గురించి, పక్కింటివాళ్ళు కట్టిన గోడ గురించి చెప్పింది. చెప్పి చెప్పి, “నీ సంగతేంటి అక్కా?” అంది.

“ఏముంది, మామూలే.”

“అంత ఒంటరిగా అక్కడ ఎందుకే? వచ్చెయ్యరాదూ?”

ఆ మాట చెల్లెలు ప్రతిసారీ అనేది. వస్తే ఎక్కడ పడుకోవాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. పిన్ని కూడా అడగలేదు. దీపాల సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే, నువ్వే చెయ్యెత్తి నువ్వే ఏడుస్తున్నావా అంటుందేమోనని ఊరుకుంది. అధ్యక్షుడి కొట్టు ముందు నుంచి రెండుసార్లు నడిచింది. ఆయన మేకులు తూస్తూ, “ఏం పిన్నీ, బాగున్నారా?” అన్నాడు. బాగున్నానంది.

తరవాతి సమావేశం రోజు పొద్దున పెద్దాయన ఫోను వచ్చింది. వస్తున్నానంది. పడిశం లేదంది. బట్టలు కట్టుకుంది. కానీ వేళ్ళకున్న మైనం కడుక్కోవడం మరిచిపోయింది.

ఏ సమావేశమైనా మొదట చేసే పని పోయిన నెల తీర్మానాలు చదివి ఖాయం చెయ్యడం. ఆ చదువుతున్నంతసేపూ ఎవరూ వినరు. అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఐసు ఫ్యాక్టరీ ఆయన టీ పోసుకుంటాడు. కార్యదర్శి చదవడం ముగించి అలవాటుగా, “సవరణలు ఏమైనా ఉన్నాయా, లేవు కదా” అని, సంతకాల కోసం పుస్తకం ముందుకు తోసింది.

“ఒకటుంది” అంది పిన్ని.

ఆ గొంతు ఎక్కడిదో ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. పెద్దాయన కిటికీ వైపు చూశాడు. ఫ్యాక్టరీ ఆయన గ్లాసు నిండి పొర్లింది.

“చెప్పండి పిన్నీ” అన్నాడు అధ్యక్షుడు కళ్ళజోడు పెట్టుకుంటూ.

పిన్నికి లేచి నిలబడాలా, కూర్చునే చెప్పాలా తెలియలేదు. సగం లేచి, బల్ల అంచు పట్టుకుంది. “దీపాల సంగతి. నివాసాలు లేని వీధి అని రాశారు. అది ఉత్తర వీధి.”

“అయితే?”

“అందులో నేనుంటున్నాను బాబూ.”

అధ్యక్షుడు కార్యదర్శి వంక చూశాడు. కార్యదర్శి పుస్తకం వంక చూసింది.

“అయ్యో పిన్నీ, అది మీ వీధా?” అన్నాడు అధ్యక్షుడు. “స్తంభాల నెంబర్లు చదివేసరికి నాకు తోచలేదు. మరి మీరూ చెయ్యెత్తారు కదా?”

“ఎత్తాను. అందరూ ఎత్తితే ఎత్తాను. తప్పు నాదే. దీపాలు బడి రోడ్డుకు పోతే పోనీండి, పిల్లలు నడిచే దారి. నేనడిగేది దీపాలు కాదు.” బల్ల మీది పుస్తకం వైపు వేలు చూపింది. “ఆ మాట కొట్టెయ్యండి. ఎవరూ లేరని రాసి, దాని కింద నేను సంతకం పెట్టలేను. నేనుండగా నేను లేనని ఎలా పెట్టను?”

పెద్దాయన తల దించుకున్నాడు. కార్యదర్శి మెల్లగా అంది. “రాసింది నేనేనండీ. పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన పట్టికలో అలా ఉంది. నేను అక్కడికి వచ్చి చూడలేదు. ఇప్పుడు సవరించొచ్చు. ఒక నివాసి ఉన్నట్టు సవరణ అని పెట్టి, సభ ఆమోదిస్తే సరిపోతుంది.”

“ఇంకేం, పెట్టు” అన్నాడు అధ్యక్షుడు. “ఆమోదమేనా?”

ముగ్గురూ చేతులెత్తారు. పిన్ని కూడా ఎత్తబోయింది.

“మీరు ఎత్తకూడదండీ” అంది కార్యదర్శి, ఎంతో ఇబ్బందిపడుతూ. “సొంత విషయం మీద ఓటు వెయ్యకూడదు. అసలు ఆ అంశం నడిచేటప్పుడు ఆ సభ్యులు గదిలోనే ఉండకూడదు. అది రూలు.”

“ఓస్, అంతే కదా. బయట నిలబడతాను” అని పిన్ని లేచింది. గుమ్మం దాటబోతుంటే ఫ్యాక్టరీ ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

“ఆవిడ వెళితే మనం ముగ్గురమే. కోరం ఎక్కడుంది?”

పిన్ని గుమ్మంలో ఆగిపోయింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

“అంటే ఆవిడ ఇక్కడుంటే ఆవిడ ఉన్నట్టు తీర్మానం చెయ్యలేం” అన్నాడు పెద్దాయన నిదానంగా. “ఆవిడ లేకపోతే అసలు ఏ తీర్మానమూ చెయ్యలేం.”

“పోయిన నెల ఆవిడ గదిలోనే ఉంది కదా మరి?” అన్నాడు ఫ్యాక్టరీ ఆయన. “అప్పుడు సొంత విషయం కాలేదా? అది తవ్వితే పోయిన నెలదంతా…”

“తవ్వకండి” అన్నాడు అధ్యక్షుడు గట్టిగా. తల గోక్కున్నాడు. వచ్చే నెలకు వాయిదా వేద్దామన్న మాట ఆయన నాలుక చివర ఉందని అందరికీ తెలుస్తూనే ఉంది. పొద్దుటి లాంచీ వేళలు ఎన్ని నెలలుగా వాయిదా పడుతున్నాయో కూడా అందరికీ తెలుసు. గుమ్మంలో నిలబడిన మనిషి వంక చూసి, ఆయన ఆ మాట అనలేదు. “కాంట్రాక్టరు ఇవాళ వస్తానన్నాడా?” అన్నాడు.

పెద్దాయన జేబులోంచి ఫోను తీశాడు. రెండుసార్లు చేశాక అవతలి మనిషి ఎత్తాడు. “ఎక్కడున్నావ్? లాంచీలోనా? సరే, దిగగానే మేడ మీదికి రా. నీ సిమెంటు గొడవ తరవాత. ముందు పైకి రా.”

లాంచీ వచ్చేదాకా ఆగుదామన్నారు. పిన్ని తాను కింద ఉంటానని మెట్లు దిగింది.

రేవు మెట్ల పక్కన సరుకు దింపే గట్టు మీద కూర్చుంది. పైన సమావేశం జరుగుతుండగా ఆమె కింద రేవులో ఉండడం అదే మొదటిసారి. పైన సగం తెరిచిన కిటికీల్లోంచి మాటలు వినిపిస్తున్నాయి గాని ఏమిటో తెలియడం లేదు. ఫ్యాక్టరీ ఆయన దగ్గు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. కింద నడిచేవాళ్ళు పైకి కూడా చూడకుండా పోతున్నారు. ఒక ఆడమనిషి బుట్ట దింపుకుంటూ, “ఏం పిన్నీ, ఇవాళ మీటింగు లేదా?” అంది.

“ఉంది. నా మీదే జరుగుతోంది.”

“ఏం చేశావేంటి?”

“ఇంకా ఉన్నాను” అంది పిన్ని.

ఆ మనిషి నవ్వి వెళ్ళిపోయింది. పిన్ని నవ్వలేదు. ఆమెకు భర్త గుర్తొచ్చాడు. ఆయనైతే ఈపాటికి బల్ల గుద్ది ఊరంతా వినేలా మాట్లాడేవాడు. ఆయన పోయిన రోజున వీధి వీధంతా ఇంట్లో నిండిపోయింది. ఎవరో పొయ్యి వెలిగించారు, ఎవరో నీళ్ళు మోశారు, ఎవరో తన తల దువ్వారు. తాను పోతే ఆ పొద్దున ఎవరికి తెలుస్తుంది? సమావేశం రోజైతే పెద్దాయన ఫోను చేస్తాడు, ఎత్తకపోతే మనిషిని పంపిస్తాడు. మామూలు రోజైతే ఎవరైనా పట్టా కోసం వచ్చేదాకా ఆగాల్సిందే. ఇంతవరకు ఆమె ఈ ఆలోచనను ఎప్పుడూ చివరిదాకా పోనివ్వలేదు. ఈసారి పోనిచ్చింది. పోయి, అదే తిరిగి వచ్చింది. నీళ్ళ వంక చూస్తూ వేళ్ళకున్న మైనం గోటితో గీక్కుంటూ కూర్చుంది.

లాంచీ వచ్చింది. కాంట్రాక్టరు చేతిలో సంచీతోనే మెట్లెక్కాడు. పిన్నిని చూసి తల ఊపాడు. విషయం ఏమిటో ఆయనకు తెలియదు. పెద్దాయన టికెట్లు చింపకుండా వదిలెయ్యడం ఆ రేవు చరిత్రలో అదే మొదలు. దిగేవాళ్ళు తెల్లబోయి, చేతిలో టికెట్లు పట్టుకుని అలాగే వెళ్ళిపోయారు.

కాసేపటికి పెద్దాయన కిందికి వచ్చాడు. ఆయాసం తీర్చుకుని, ఆమె ముందు నిలబడ్డాడు.

“అయింది పిన్నీ. నువ్వున్నట్టు తీర్మానం అయింది. ఏకగ్రీవం.”

ఆమె ఏదో అనబోయింది. నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే చేతుల్లో మొహం దాచుకుంది. పెద్దాయన పక్కన గట్టు మీద కూర్చుని లాంచీ తాడు వంక చూస్తూ ఉండిపోయాడు.

“నెలకోసారి ఫోను చేసి పడిశముందా అని అడుగుతాను” అన్నాడు. “నువ్వు చీకట్లో ఉన్నావని మాత్రం నాకు తట్టలేదు.”

“నేను చెప్పలేదు కదా అన్నయ్యా.”

“చెప్పేదాకా ఎందుకు ఆగాలి?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. “పద, పైన ఇంకా అంశాలు మిగిలాయి కదా, ఆసుపత్రి నర్సుకు ఇల్లు చూసే సంగతి. నేను లేకపోయినా ఇవాళ నలుగురున్నారులే.”

“ఉన్నారు. అయినా రా” అన్నాడు పెద్దాయన.

దీపాలు అన్నీ తిరిగి రాలేదు. తీసినవి అప్పటికే బడి రోడ్డులో వెలుగుతున్నాయి. ఆమె ఇంటి ముందు స్తంభానికి ఒక్కటి మాత్రం పెట్టారు. ఆ ఒక్కదాని కింద ఆమె అరుగు, ఎదురింటి తలుపులో సగం కనిపించేవి. మిగతా వీధి ఇక వీధిలా కనిపించలేదు. పిన్ని తాళం వేసిన తలుపులతో మాట్లాడడం మానేసింది. మాట్లాడబోతే కృతకంగా అనిపించేది.

మార్పు వచ్చింది సభలో. ప్రతి అంశానికీ, “అది ఏ చోటు? అక్కడ ఎవరుంటున్నారు?” అని అడగడం మొదలుపెట్టింది. అధ్యక్షుడు మొదట్లో గడియారం చూసుకున్నాడు. తరవాత కార్యదర్శే, “నిన్న వెళ్ళి చూసి వచ్చానండీ” అని ముందే చెప్పడం అలవాటు చేసుకుంది.

ఆ కార్యదర్శి ఒక ఆదివారం ఉత్తర వీధికి వచ్చింది. తన గది కిటికీలోంచి వాన కొడుతోంది, చిన్న పట్టా కుట్టిస్తారా అని అడిగింది. కొలతలు తెచ్చింది గాని అవి తప్పు. పిన్ని వెళ్ళి చూస్తే ఆ గదిలో ఒక మంచం, ఒక పెట్టె, గోడకు ఆనించిన పళ్ళెం ఒక్కటి. ఇన్నాళ్ళూ సమావేశం అయ్యాక ఆ అమ్మాయి ఎక్కడికి వెళుతుందో తాను ఆలోచించలేదని పిన్ని అనుకుంది. గ్లాసులు కడిగాక తాళం వేసుకుని ఆ పిల్ల వెళ్ళేది ఈ గదికే. ఆ తరవాత ఆదివారాలు ఇద్దరూ కలిసి తినేవారు. ఎక్కువ మాటలు ఉండేవి కావు. ఒకరు కుడుతుంటే ఇంకొకరు పత్రిక చదివేవారు. ఎప్పటిలాగే ఒక్క గుక్కలో.

ఏడాది తిరక్కముందే బదిలీ ఉత్తరువు వచ్చింది.

ఆ రోజు పిన్ని రేవుకు వెళ్ళింది. అమ్మాయి పెట్టె తడవకుండా కొత్త పట్టాతో తొడుగు కుట్టి, తాళ్ళు వేసి కట్టింది.

“అక్కడికి రండి పిన్నీ, నాలుగు రోజులుండి పోదురు” అంది అమ్మాయి.

“చూద్దాంలే.”

“చూద్దాం అంటే రానని.”

“రాననే. అయినా అడిగావు కదా.” పిన్ని ముడి ఇంకోసారి బిగించింది. “నువ్వు వెళ్ళిన చోట పొద్దుగూకాక తలుపు వేసుకుని కూర్చోకు. ఎవరో ఒకరి గుమ్మం తొక్కు. ముందు మొహమాటంగా ఉంటుంది.”

అమ్మాయి తల ఊపింది. లాంచీ కదిలింది. చెయ్యి ఊపడం కనిపించినంతసేపూ పిన్ని నిలబడింది. ఆ తరవాత కూడా కాసేపు నిలబడింది.

వెనక నుంచి పెద్దాయన టికెట్ల కట్టకు రబ్బరు చుడుతూ వచ్చాడు.

“ఇంటికేనా?”

“ఇంటికే. ఒక పట్టా సగంలో ఉంది.”

“ఉంటే ఉందిలే. మా ఆవిడ నిన్ను భోజనానికి పిలవమని నెల నుంచి చెబుతోంది. నేనే మరిచిపోతున్నా.”

పిన్ని ఇంటి దారి వంక చూసింది. వెళ్ళాలని లేదు, ఇంకొకరింట్లో కూర్చుని మాట్లాడే ఓపికా లేదు. వద్దు, ఇంకోరోజు అని చెప్పడానికి నోరు తెరిచింది.

“ఏం వండుతోంది?” అని అడిగింది.